ఇరువది సెకన్ల భారము

సముద్రముపై పోవు ప్రతి పెద్ద ఓడయు, తన వెలుగును తానే పుట్టించుకొని, తన పంపులను తానే త్రిప్పుకొని, తన సరకును తానే చల్లబరచుకొనుచు, మరియొకరి తీగతో పొత్తు లేక దినముల తరబడి సాగిపోవు స్వతంత్ర విద్యుద్ద్వీపము. ఇది నేటి మాట కాదు. 1880లో అమెరికాలో ‘కొలంబియా’ అను ఆవిరి ఓడకు థామస్ ఎడిసన్ తన డైనమోలను, దీపములను అమర్చునాటికి న్యూయార్కు నగరములో ఆయన స్థాపింపనున్న విద్యుత్కేంద్రము ఇంకను ఆరంభమే కాలేదు. అది 1882 నాటి మాట. ఎడిసన్ దీపము నగరవాసుల యిండ్లకు తీగ వేయబడుటకు ముందే ఓడ గదులలో వెలిగినదన్న మాట.

ఆ ద్వీపము రేవు చేరి గట్టునకు కట్టబడిన పిమ్మట జరుగునది విచిత్రము. ప్రొపెల్లరును త్రిప్పు మహాయంత్రము ఆగిపోవును గాని, దాని ప్రక్కనుండు సహాయక డీజిలు యంత్రములు ఆగవు. దీపములు, వంటశాలలు, పంపులు, పంకాలు, శీతల కంటైనర్లు అన్నియు వానినే నమ్ముకొని యుండును. ఒక కంటైనరు ఓడకు రేవులో నున్నంతసేపు ఒకటి మొదలు మూడు నాలుగు మెగావాట్ల వరకు కావలసి వచ్చును. వేలకొలది యాత్రికులను మోయు విహారనౌకకైతే పది మెగావాట్లైనను చాలకపోవచ్చును. కూతవేటు దూరమున నగరపు విద్యుత్ స్తంభములు నిలిచియుండగనే, ఆ నగరమునకు అతిథిగా వచ్చిన ఓడ తన డీజిలును తాను కాల్చుకొనుచు, నత్రజని ఆక్సైడులను, ఊపిరితిత్తుల లోతులకు దిగు సూక్ష్మధూళిని, రేవును ఆనుకొని పెరిగిన పేటలపై రాత్రింబవళ్లు చల్లుచుండును. నడిసంద్రములో వెదజల్లబడిన పొగ వేరు, బడిపిల్లల నెత్తిమీద వెదజల్లబడిన పొగ వేరు.

ఓడ యంత్రములను ఆపివేసి గట్టుమీది విద్యుత్తును దానికి అందింపవలెనను ఆలోచన సులభమైనది, ఆచరణయే ఆలస్యమైనది. స్వీడను దేశమునందలి గోటెన్‌బర్గ్ రేవు 2000 సంవత్సరమున అధిక వోల్టేజీ కేబులుతో సరకు ఓడలకు విద్యుత్తును అందించు పద్ధతిని ప్రవేశపెట్టినది. మరుసటి యేడు అలాస్కా రాజధానియైన జూనోలో విహారనౌకలకు జలవిద్యుత్తు అందినది. 2004లో లాస్ ఏంజెలెస్ రేవునందలి ఒక కంటైనరు టెర్మినలు ఈ సౌకర్యమును పొందినది. కాని దీనికి కారణము రేవు పాలకుల ఔదార్యమనుకొనరాదు. ఆ టెర్మినలు నిర్మాణమునకు ఎదురునిలిచి రేవునకు పొరుగైన సాన్ పేడ్రో వాసులును, పర్యావరణ సంఘములును న్యాయస్థానమునకెక్కిరి. పిమ్మట కుదిరిన రాజీలో ఓడలకు గట్టు విద్యుత్తు ఒక షరతైనది. ఆ పొరుగువారు వ్యాజ్యము వేయకుండిన, ఇంజనీరుల నమూనా పటములు మరికొన్ని యేండ్లు బీరువాలలోనే మగ్గియుండెడివేమో!

కేబులు తగిలించుట మాత్రము అనినంత తేలిక కాదు. పెద్ద ఓడలలో అధికభాగము 60 హెర్ట్జుల పౌనఃపున్యముగల ఏకాంతర విద్యుత్తుతో నడచును. మన దేశమును, ఐరోపాయును 50 హెర్ట్జులకు కట్టుబడినవి. 60కి తగినట్లు చేసిన మోటారునకు 50 ఇచ్చినచో దాని వేగము ఆరింట ఒక వంతు తగ్గును. వోల్టేజీని కూడ తగ్గింపకున్న లోపలి ఇనుము వేడెక్కును. కావున ఇట్టి దేశముల రేవులలో పౌనఃపున్యమును మార్చు యంత్రసముదాయమును గట్టుపై నిలుపవలెను. దాని వెల అల్పము కాదు. ఆపైన, ఓడ తన జనరేటరును విడిచి గట్టు తీగను అందుకొను క్షణమున దీపము రెప్పపాటైనను ఆరకుండవలెనన్నచో, రెండు విద్యుత్తరంగములును ఒకే వేగమున, ఒకే ఎత్తున, ఒకే దశలో కలిసి నడచు ముహూర్తమునకై వేచి, అప్పుడు మాత్రమే స్విచ్చి వేయవలెను. తీగలలో నడచునది 6,600 వోల్టులు గాని, 11,000 వోల్టులు గాని యగుటచే పొరపాటునకు క్షమ లేదు. ఏ దేశపు ఓడకైనను ఏ దేశపు రేవునందైనను ఒకే ప్లగ్గు సరిపోవలెనను అంతర్జాతీయ ప్రమాణము 2012లో గాని వెలువడలేదు.

ఇంతవరకు చెప్పినది ఓడ కథ. ఓడ ఒక విధముగా సాధువైన గిరాకి; గట్టునకు కట్టబడినంతసేపు ఇంచుమించు ఒకే మోతాదున విద్యుత్తును పుచ్చుకొనును. రేవులోని అసలు చిక్కు క్రేనుది.

నిండు కంటైనరు బరువు 40 టన్నులనుకొందము. ఓడ గర్భమునుండి దానిని 30 మీటర్లు పైకెత్తుటకు కావలసిన శక్తిని పాఠశాల విద్యార్థియైనను గుణించి చెప్పగలడు. 40,000 కిలోగ్రాములు, గురుత్వ త్వరణము 9.8, ఎత్తు 30. ఈ మూటి లబ్ధము సుమారు 118 లక్షల జౌళ్లు, అనగా మన యింటి మీటరు లెక్కలో మూడుంపావు యూనిట్లు. ఒక చిన్న సంసారము ఒక దినమునకు వాడుకొను విద్యుత్తుతో నలుబది టన్నుల పెట్టె పదంతస్తుల మేడ యెత్తునకు లేచునని విన్నవారికి, క్రేనునకు విద్యుత్తునిచ్చుట యొక లెక్కా యని తోచుట సహజము. అయితే ఆ మూడుంపావు యూనిట్లను క్రేను ఒక దినములో అడుగదు. ఇరువది సెకన్లలో అడుగును. అప్పుడు బరువుకే 600 కిలోవాట్ల చేరువగును. పెట్టెను పట్టు ఇనుప చట్రము, త్వరణము, యంత్రముల నష్టములు చేరగా మెగావాటు దాటును. మరుక్షణమున ఆ గిరాకి సున్న యగును. పిదప పెట్టె క్రిందికి దిగునప్పుడు మోటారు తానే జనరేటరై, ఎత్తునకు వ్యయమైన స్థితిజశక్తిలో కొంతను విద్యుత్తుగా మార్చి తీగలలోనికి వెనుకకు నెట్టును. మరల రెండు నిమిషములలో మరియొక పెట్టె. ఇట్లు రేయింబవళ్లు, ఓడ ఖాళీయగువరకు, ఇచ్చుటయు పుచ్చుకొనుటయు.

రేవుల విద్యుదీకరణమును గురించి వ్రాయువారు తరచుగా శక్తి మొత్తమును లెక్కించి, ఇన్ని లక్షల యూనిట్లు కావలెను, ఇన్ని లీటర్ల డీజిలు మిగులునని తేల్చి తృప్తిపడుచుందురు. ఆ లెక్క తప్పు కాదు, అరకొర. రేవును కష్టపెట్టునది మొత్తము కాదు, క్షణము. ఈ సంగతిని నాకు తెలిసినంతలో ఏ మహానగరపు రేవు కంటెను స్పష్టముగా చూపినది, ఉత్తర పసిఫిక్ మహాసముద్రమున అలాస్కా తీరమునకు దూరముగా నున్న కొడియాక్ అను ద్వీపము.

కొడియాక్ చేపల రేవు. ఊరు చిన్నది, జనసంఖ్య వేలలో నుండును గాని, చేపలను శుభ్రపరచి గడ్డకట్టించు కర్మాగారముల వలన విద్యుత్తునకు గిరాకి ఊరి పరిమాణమును మించినది. 1964 మార్చి 27వ తేదీ నాటి మహాభూకంపమున లేచిన సునామీ ఈ రేవును ఊడ్చివేసినది; ప్రకృతి యెంత మర్యాదగా నుండునో ఆ ద్వీపవాసులకు ఒకరు చెప్పనక్కరలేదు. అలాస్కా ప్రధాన భూభాగపు గ్రిడ్డుతో దీనికి తీగ సంబంధము లేదు. ఉన్నదంతయు ద్వీపము మీదనే పుట్టవలెను, ద్వీపము మీదనే చెల్లవలెను. అక్కడి విద్యుత్తును నడపునది వాడుకరులే సభ్యులుగా గల సహకార సంఘము. టెరర్ లేక్ అను సరస్సు నీటితో నడచు జలవిద్యుత్కేంద్రము 1980ల మధ్యకాలము నుండి వారికి ఆధారముగా నుండెను. నీరు చాలనప్పుడు డీజిలు. 2007లో ఆ సంఘము, 2020 నాటికి నూటికి 95 వంతుల విద్యుత్తును గాలి నీళ్లనుండియే రాబట్టవలెనని సంకల్పించినది. 2009లో పిల్లర్ పర్వతముపై ఒకటిన్నర మెగావాట్ల గాలిమరలు మూడు లేచినవి. 2012లో మరి మూడు. గాలి చంచలము గనుక, అది తటాలున తగ్గినప్పుడు నీటి యంత్రములు అందుకొనువరకు లోటును పూడ్చుటకై మూడు మెగావాట్ల బ్యాటరీని నిలిపిరి. జలకేంద్రమునకు మూడవ యంత్రమును చేర్చిరి. గడువు రాకముందే లక్ష్యమును దాటి, నూటికి 99 వంతులను అందుకొనిరి. అంతలో రేవువారు తమ పాత డీజిలు క్రేనును తీసివేసి, దానికంటె పెద్దదియగు విద్యుత్ క్రేనును తెచ్చుకొందుమనిరి.

పైకి చూచుటకిది శుభవార్త. సహకార సంఘపు ఇంజనీరులకు మాత్రము గుండెదడ. ద్వీపమంతటి గిరాకి మిక్కుటమైనప్పుడు పాతిక మెగావాట్లకు అటూయిటూ. ఈ క్రేను ఒక్కటియే క్షణకాలమునకు సుమారు 2 మెగావాట్లను లాగును. అనగా మొత్తములో నూటికి 8 వంతులు, ముందు చెప్పక, కొద్ది సెకన్లలో! 2024 మే నెలాఖరున మన దేశపు గిరాకి 2,50,000 మెగావాట్లను తాకినది. అందులో నూటికి 8 వంతులనగా 20,000 మెగావాట్లు. ఆ భారమును ఎవడో యొక యంత్రచోదకుడు మీట నొక్కి రెండు నిమిషములకొకసారి మన గ్రిడ్డునకు తగిలించుచు తీయుచు నుండునని ఊహించుకొన్నచో, కొడియాక్ ఇంజనీరుల ఆందోళన యెట్టిదో తెలియగలదు.

ఏకాంతర విద్యుత్తు వ్యవస్థలో ఉత్పత్తియు వాడకమును క్షణక్షణమును సరితూగవలెను. వాడకము హెచ్చినచో, ఆ హెచ్చు మొదట జనరేటర్ల భ్రమణమునుండియే, అనగా తిరుగుచున్న ఉక్కు ముద్దల గతిజశక్తి నుండియే, తీసుకొనబడును, అవి నెమ్మదించును, నెమ్మదించుటయే పౌనఃపున్యము తగ్గుటగా ఊరిలోని ప్రతి గడియారమునకును, మోటారునకును తెలియును. వేలకొలది జనరేటర్లు కలిసి తిరుగుచున్న ఖండమంతటి గ్రిడ్డులో ఈ జడత్వము అపారము, ద్వీపములో స్వల్పము. నీటి యంత్రము వెంటనే ఆదుకొనదా యందురేని, అందులో నొక చమత్కారమున్నది. హెచ్చు శక్తికై నీటి ద్వారమును త్వరగా తెరచినచో, పొడవైన సొరంగములోని నీరు తన జడత్వము వలన వెంటనే వేగమందుకొనలేదు. ద్వారము వద్ద పీడనము ఒక క్షణము పడిపోవును. తత్ఫలితముగా, ఎక్కువ కావలెనన్న క్షణముననే యంత్రము తక్కువ ఇచ్చును. కొన్ని సెకన్లు గడచిన తరువాత గాని నీరు తన మాట నిలబెట్టుకొనదు. జలవిద్యుత్తు దీర్ఘకాలిక మిత్రుడు, తక్షణ సహాయకుడు కాడు.

ఇక బ్యాటరీ యున్నదిగదా? ఉన్నది, తత్క్షణమే పలుకును కూడ. అయితే అది సీసపు బ్యాటరీల జాతికి చెందినది; ఎంత తరచుగా నింపి ఖాళీచేసినచో అంతగా దాని ఆయువు తరుగును. గాలి మందగించినప్పుడు ఆదుకొనుటకై నిలిపిన దానిని క్రేను చేతికప్పగించినచో, దినమునకు వందలసార్లు ఎత్తుటకును దించుటకును లోనై, ఏండ్లు మన్నవలసినది త్వరలోనే నశించును. అందుచే వారు మరియొక పురాతన సాధనమును వెదకికొనిరి. అది గతిపాలక చక్రము, ఇంజనీరుల వాడుకలో ఫ్లైవీలు. కుమ్మరి ఒకసారి కర్రతో త్రిప్పి విడిచిన సారె, మట్టిపై చేయి ఒత్తినప్పుడెల్ల తన వేగములో కొంత నిచ్చి, మరల త్రిప్పగా పుంజుకొనునట్లు, ఈ బరువైన ఉక్కు చక్రము మోటారు సాయమున అతివేగముగా తిరుగుచు, క్రేను పెట్టెనెత్తునప్పుడు తన భ్రమణశక్తిని విద్యుత్తుగా నిచ్చి నెమ్మదించును. పెట్టె దిగునప్పుడు క్రేను తిరిగియిచ్చు విద్యుత్తుతో మరల వేగమందుకొనును. రసాయన క్రియ లేదు గనుక వేలసార్లు, లక్షలసార్లు ఇచ్చి పుచ్చుకొన్నను దానికి అలసట లేదు. కొద్ది సెకన్ల శక్తి తప్ప అది నిలువచేయలేదు, కావలసినదియు అంతే. ఒక్కొక్కటి ఒక మెగావాటు సామర్థ్యముగల చక్రములు రెంటిని 2015లో అక్కడ నెలకొల్పిరి. క్రేను పని చక్రములకు, గాలి ఒడుదుడుకులు బ్యాటరీకి, దినముల భారము నీటికి, ఋతువుల భారము సరస్సునకు. ఎవరి కాలప్రమాణమునకు తగిన పని వారికి ఒప్పగింపబడినది. ఇంతటి పొందికను నేను మరెచ్చటను చూడలేదు.

నిదానముగా నింపుకొని వేగముగా ఇచ్చు ఈ సూత్రమునే ఇతరులును వేరు వేరు రూపముల పాటించిరి. నార్వేలో సోగ్నె ఫియోర్డు అను సముద్రపు పాయను దాటించు ‘ఆంపియర్’ అను బ్యాటరీ పడవ 2015లో రాకపోకలు మొదలిడినప్పుడు, రెండు గట్లమీది పల్లె గ్రిడ్డులును దానిని పది నిమిషములలో నింపగల సత్తువ లేనివి. అందుచే రెండు గట్లపైనను బ్యాటరీలనుంచి, పడవ అవతల నున్నంతసేపు వానిని మెల్లగా నింపి, పడవ తాకగానే ఒక్కుమ్మడి దానిలోనికి ఒంపిరి. కాలిఫోర్నియాలోని సాన్ డీగో రేవున 2024లో పనికి దిగిన ‘ఈవుల్ఫ్’ అను విద్యుత్ టగ్గు కడుపులో ఆరు మెగావాట్-గంటలకు పైబడిన బ్యాటరీ కలదు. దానిని నింపు స్థానమునకును తనవైన బ్యాటరీలే కలవు, నగరపు తీగపై భారము ఒక్కసారిగా పడకుండుటకు.

ఇట్లు తనలో తానే ఉత్పత్తి, నిలువ, గిరాకి అను మూటిని ఇముడ్చుకొని, ఒక నియంత్రణ క్రింద నడచుచు, పెద్ద గ్రిడ్డుతో కలిసియుండగలిగియు, ఆపత్కాలమున దానితో తెగతెంపులు చేసికొని ఒంటరిగా బ్రదుకగల చిన్న వ్యవస్థను మైక్రోగ్రిడ్డు అందురు. కొడియాక్‌కు తెగతెంపుల అవసరమే లేదు, పుట్టుకతోనే ఒంటరి. పెద్ద తీరపట్టణముల రేవులకు మాత్రము కలియుటయు, విడిపోవుటయు రెండును రావలెను, రెండవదియే కఠినము. 2011 మార్చిలో జపాను ఈశాన్యతీరమును భూకంపమును సునామీయు కబళించినప్పుడు, సెండాయ్ నగరమున ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణములోని మైక్రోగ్రిడ్డు, బయట దినముల తరబడి విద్యుత్తు లేకున్నను, ఆస్పత్రిని వెలిగించి నిలిపినది. ఇంకను వెనుకకు పోయినచో మరియొక వింత కలదు. 1929 చలికాలమున అమెరికాలోని టకోమా అను రేవుపట్టణమునకు అనావృష్టి వలన జలవిద్యుత్తు కొరవడినప్పుడు, ‘లెక్సింగ్టన్’ అను విమానవాహక యుద్ధనౌక గట్టునకు చేరి, తన జనరేటర్లతో దాదాపు నెలపాటు ఆ నగరమునకు విద్యుత్తును పోసినది. ఓడకు గట్టు ఇచ్చుట ఇటీవలి ఘనతయని మురియువారు, గట్టునకు ఓడ ఇచ్చి అప్పటికే డెబ్బదియేండ్లైనదని గ్రహింతురు గాక.

ఇచ్చట ఒక ఆక్షేపణ వినవచ్చును. డీజిలు క్రేను, డీజిలు లారీ, డీజిలు టగ్గు, ఇవి కంపు కొట్టునవే యైనను ఒకదానితో నొకటి సంబంధము లేని స్వతంత్రులు. అన్నిటిని తెచ్చి ఒక తీగకు ముడివేసినచో, ఆ తీగ తెగిననాడు రేవంతయు స్తంభింపదా? ఆక్షేపణ బలమైనదే; కొట్టివేయదగినది కాదు. జూనో వాసులకు 2008 ఏప్రిలులో ఈ సంగతి అనుభవమునకు వచ్చినది: మంచుచరియ విరిగిపడి జలకేంద్రపు తీగను తెంపగా, ఊరు డీజిలు విద్యుత్తు పాలై, ధర దాదాపు ఐదింతలై, జనులు దీపములార్పి వాడకమును మూడవ వంతు తగ్గించుకొనిరి. అయితే డీజిలు స్వాతంత్ర్యము కూడ సగము భ్రమయే. 2012 అక్టోబరు 29న శాండీ తుపాను న్యూయార్కు, న్యూజెర్సీ తీరమును ముంచెత్తినప్పుడు రేవు ఇంచుమించు వారము మూతపడినది. ఉప్పునీరు చొచ్చిన విద్యుత్ సాధనములు చెడినవి. అంతేకాక, డీజిలుండియు దానిని తోడు పంపులకు విద్యుత్తు లేక ఇంధన కేంద్రములు నోళ్లు వెళ్లబెట్టినవి. డీజిలు పీపాను తోడునదియు విద్యుత్తే. కావున ప్రశ్న తీగను నమ్మవలెనా వలదా యని కాదు. ఏ తీగను, ఎంత దూరపు తీగను, అది తెగినప్పుడు వెనుక ఏమున్నదని.

వెనుక ఏమియు లేకున్న ఏమగునో కాలిఫోర్నియా చూపినది. అచ్చట 2007లో చేసిన నిబంధన ప్రకారము 2014 నుండి ఒక్కొక్క నౌకాసంస్థ రాకలలో సగము, 2017 నుండి నూటికి 70, 2020 నుండి 80 వంతులు గట్టు విద్యుత్తుతో నడువవలసి యుండెను. లోకమునకు ఆదర్శమని చెప్పదగిన శాసనము. కాని 2020 ఆగస్టులోను, మరల 2022 సెప్టెంబరులోను తీవ్రమైన ఎండలు కాసి, ఇంటింట ఎయిర్ కండిషనర్లు గ్రిడ్డును పీల్చివేయుచుండగా, గవర్నరు అత్యవసర ప్రకటన వెలువరించి, రేవులోని ఓడలు గట్టు తీగను విడిచి తమ డీజిలు యంత్రములను నడుపుకొనుటకు అనుమతించెను. గాలి స్తంభించి పొగ కదలని దినములు, ఊపిరి అన్నిటికంటె ప్రియమైన దినములు. సరిగా ఆ దినములయందే పొగకు సెలవు చీటి దొరకినది. తప్పు గవర్నరుది అనలేము. దీపము ఆరుటా, పొగ రేగుటా అన్నప్పుడు ఆయనకు మూడవ దారి లేకపోయినది. ఆ మూడవ దారిని రేవుప్రక్కనే నిర్మించు ప్రయత్నము సాన్ డీగోలో చిన్నదిగా ఆరంభమైనది: టెన్త్ అవెన్యూ టెర్మినలునందు 700 కిలోవాట్ల సౌరఫలకములు, 2,700 కిలోవాట్-గంటల బ్యాటరీ. ఇవి దీపములకు, కార్యాలయములకు, భద్రతా సాధనములకు చాలును గాని, పది మెగావాట్ల విహారనౌకను పోషింపలేవు. ఆ అంతరమును కప్పిపుచ్చి, మైక్రోగ్రిడ్డు వచ్చినది గనుక రేవు నిశ్చింత యని చాటు ప్రచారపత్రములను నమ్మరాదు.

ఇక మన తీరము. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర, తూర్పు, ఈశాన్య భారతములు చీకటిలో మునిగి, అరువదికోట్ల జనులకు విద్యుత్తు పోయినది. ఆంధ్రదేశమునకు మాత్రము ఆ చీకటి సోకలేదు. కారణము, నాటికి దక్షిణ గ్రిడ్డు మిగిలిన దేశముతో ఒకే లయలో తిరుగుటలేదు. తూర్పు గ్రిడ్డునకును దక్షిణ గ్రిడ్డునకును నడుమ ఒక ద్వారము విశాఖపట్నమునందలి గాజువాకలోనే కలదు. అక్కడ ఏకాంతర విద్యుత్తు ఏకముఖ విద్యుత్తుగా మారి, మరల ఏకాంతరమై ఆవలకు పోవును. శక్తి దాటును గాని కంపము దాటదు. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపురముల నడుమ తీగ కలిసి దేశమంతయు ఒకే పౌనఃపున్యమున నడచుట మొదలైనది; దాని లాభములు గొప్పవి. అయినను వేరుగా నిలువగలుగుట యెట్టి రక్షణయో ఆ రెండు దినములు నిరూపించినవి. మైక్రోగ్రిడ్డునకు కావలసిన నేర్పు అదియే, పరిమాణము మాత్రము చిన్నది.

ఆ చీకటి దినములకు రెండేండ్లు దాటిన పిమ్మట, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ తుపాను గంటకు 170 కిలోమీటర్లకు మించిన వేగముతో విశాఖపై విరుచుకుపడినది. స్తంభములు, తీగలు నేలకూలి నగరము దినముల తరబడి చీకటిపాలైనది. 1933లో ఆరంభమై, యారాడ కొండ చాటున పెరిగిన ఈ రేవునకు నేడు 10 మెగావాట్ల సౌరవిద్యుత్కేంద్రము కలదు. 2030 నాటికి పునరుత్పాదక విద్యుత్తు వంతు నూటికి 60 దాటవలెనని 2023 నాటి ‘హరిత సాగర్’ మార్గదర్శకములు దేశపు పెద్ద రేవులకు నిర్దేశించినవి. ఇవి మంచి సంగతులే. కాని విశాఖ పౌరునకు రేవనగానే మొదట గుర్తువచ్చునది మేడమీద ఆరవేసిన గుడ్డలపై పడు బొగ్గు, ఇనుప రాతి ధూళి. ఓడలకు ఎంత గట్టు విద్యుత్తునిచ్చినను ఆ ధూళి తగ్గదు, దానికి మందు వేరు. ఇక సౌరఫలకముల విషయమున, ఏడాది మొత్తము లెక్కలో రేవు వాడకమంతయు సూర్యుడే ఇచ్చినను, తుపాను నడిరేయి సూర్యుడుండడు. గ్రిడ్డును అనుసరించి నడచునట్లు అమర్చిన సాధారణ ఇన్వర్టరు, గ్రిడ్డు పోయిన మరుక్షణమున తానును ఆగిపోవును; తీగ బాగుచేయువాని ప్రాణరక్షణకై అది విధింపబడిన నియమము. కావున తెల్లవారి మబ్బు విడిచి యెండ కాసినను, ఒంటరిగా లయను నిలుపగల బ్యాటరీయు, ప్రత్యేక ఇన్వర్టరును లేనిచో ఫలకములు నిండు యెండలో నిరర్థకముగా పడియుండును.

అట్టి బ్యాటరీ ఒకటి నిలిపినచో దానిని ముందుగా దేనికి వినియోగింపవలెను? రేవు దీపములకు, ఓడలతో మాటలాడు రేడియోలకు, రాడారునకు, పంపులకు అని ఎవరైనను చెప్పుదురు. వాని గిరాకియు తక్కువ. క్రేను వేచియుండగలదు. వేచియుండలేనివి శీతల కంటైనర్లు. మన దేశమునుండి గడ్డకట్టించిన రొయ్యలను పరదేశములకు పంపు రేవులలో విశాఖ అగ్రశ్రేణిది. గోదావరి, కృష్ణా జిల్లాల చెరువులలో రైతు రాత్రులు మేలుకొని పెంచిన పంట సున్నకు దిగువ 18 డిగ్రీల చలిలో ఆ పెట్టెలయందు ఓడ కొరకు ఎదురుచూచుచుండును. అట్టి పెట్టెలు 500 ఉన్నవనుకొని, ఒక్కొక్కదానికి సగటున 4 కిలోవాట్లు వేసికొన్నను మొత్తము 2 మెగావాట్లు. కొడియాక్ క్రేను క్షణకాలము అడిగినదానిని ఇవి ఎడతెగక అడుగును. గంటల తరబడి ఆగి తిరిగివచ్చిన విద్యుత్తును అన్ని కంప్రెసర్లును ఒకేసారి అందుకొన ప్రయత్నించినచో, ఆరంభపు వడి వలన గిరాకి ఇంకను పెరిగి, చిన్న గ్రిడ్డు లేచిన మరునిమిషముననే కూలును. అయితే ఈ పెట్టెలలో ఒక సుగుణమున్నది: గోడలు దళసరి, సరకు అప్పటికే రాయివలె గడ్డకట్టినది, తలుపు తెరువకున్న చలి గంటల తరబడి నిలుచును. ఆ చలియే యొక నిలువ. కావున పెట్టెలను వరుసలుగా విభజించి, ఒక వరుస తరువాత ఒక వరుసకు వంతుల ప్రకారము విద్యుత్తునిచ్చి, గడ్డకట్టిన సరకునకే మొదటి రెండు దినములు కొంత వేడిమిని ఓర్చుకొను భారమును అప్పగించినచో, 2 మెగావాట్ల గిరాకి ఒక మెగావాటునకు దిగును. ఏ రెండు వరుసల కంప్రెసర్లును ఒకే క్షణమున లేవవు. ఏ వరుస ముందు, ఏ వరుస వెనుక, ఎవని సరకు ఏ పెట్టెలో నున్నది, ఎంతసేపు ఆగగలదు అను పట్టికను మాత్రము తుపాను హెచ్చరిక వెలువడుటకు ముందే రేవువారును, ఎగుమతిదారులును కూర్చుండి వ్రాసికొని, నియంత్రణ యంత్రమునకు అందించి యుంచవలెను.